ఫిషర్ నుంచి కోలుకోవడం: తిండి, నీళ్ళు, దొడ్డికి వెళ్ళే వేళ

ఫిషర్ (మలద్వారం అంచున చీలిక) నొప్పికి ఒక లక్షణం ఉంది. మలం బయటికి వచ్చేటప్పుడు కోసినట్టు మండుతుంది. కాసేపటికి తగ్గినట్టే ఉంటుంది. ఆ తర్వాత లోపలి కండరం బిగుసుకుని సలుపు మొదలవుతుంది. అది గంటల తరబడి ఉంటుంది, కూర్చోనివ్వదు, నిలబడనివ్వదు. రక్తహీనతకు ఐరన్ మాత్రలు వాడుతుండగా నాకు మలబద్ధకం పట్టుకుంది, దాని వెనకే ఫిషర్ వచ్చింది. శ్రీకాకుళంలో సర్జికల్ వార్డులో నర్సుగా పనిచేస్తున్నాను కాబట్టి ఈ జబ్బుతో వచ్చేవాళ్ళను రోజూ చూస్తాను. నాకు ఆపరేషన్ అవసరం లేకుండానే మానింది. ఏ మందు, ఏ అలవాటు ఎందుకు పనిచేస్తుందో, ఎంత మోతాదులో వాడాలో, ఎక్కడ బెడిసికొడుతుందో ఇక్కడ రాస్తున్నాను. మన వైపు ఆడవాళ్ళు ఈ బాధ నోరు తెరిచి చెప్పరు. అందుకే రెండు నెలల్లో మానాల్సిన చిన్న చీలిక ఏళ్ళ తరబడి మిగిలిపోతోంది.

ముందుగా పేరు సంగతి. మన ఊళ్ళలో ఆసనం దగ్గర ఏ బాధ వచ్చినా మొలలే అంటారు. మొలలు అంటే లోపలి రక్తనాళాల మెత్తలు ఉబ్బడం. లోపలి మొలలకు సాధారణంగా నొప్పి ఉండదు, మలం తర్వాత ఎర్రటి రక్తం చుక్కలుగా పడుతుంది. ఫిషర్ అంటే మలద్వారం అంచున చర్మం చీలడం. రక్తం కొద్దిగానే పడుతుంది, నొప్పి మాత్రం చాలా ఎక్కువ. ఈ చీలిక ఎక్కువమందిలో వెనకవైపు, సరిగ్గా మధ్య గీత మీద ఉంటుంది. ప్రసవమైన ఆడవాళ్ళలో కొందరికి ముందువైపు వస్తుంది. పక్కలకు వచ్చిందంటే డాక్టర్లు క్షయ, క్రోన్స్ (పేగు వాచే జబ్బు) లాంటి వేరే జబ్బుల కోసం వెతుకుతారు. చీలిక పాతబడితే దాని అంచున చిన్న తోలు పొక్కులాంటిది పెరుగుతుంది. చేతికి తగిలేది అదే, దాన్నే చాలామంది మొల అనుకుంటారు. మొలల మందు పూసి నెలలు గడుపుతారు, లోపలి చీలిక అలాగే ఉంటుంది.

"నర్సమ్మా, డాట్రుబాబుకి ఎలాగ సూపించీది?" అని అడిగేవాళ్ళకు నేను చెప్పేది ఇదే. పరీక్ష రెండు నిమిషాల పని. ఎడమ పక్కకు తిరిగి మోకాళ్ళు పొట్ట దగ్గరికి మడిచి పడుకుంటే చాలు, మిగతా ఒళ్ళంతా దుప్పటి కప్పి ఉంటుంది. పక్కన నర్సు ఉండాలని అడగడం మీ హక్కు. కొత్త ఫిషర్‌లో నొప్పి ఎక్కువ కాబట్టి చాలాసార్లు డాక్టరు అంచులు కొంచెం పక్కకు జరిపి చూసి ఊరుకుంటారు, వేలు పెట్టి చేసే పరీక్షను నొప్పి తగ్గాకే చేస్తారు. ఈ ఒక్క సంగతి తెలిస్తే సగంమందికి భయం పోతుంది.

ఐరన్ మాత్రల గురించి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే మన జిల్లాల్లో రక్తహీనత లేని ఇల్లు తక్కువ. శరీరం పీల్చుకోకుండా మిగిలిన ఐరన్ పేగులోనే ఉండిపోయి కొందరికి మలాన్ని గట్టిపరుస్తుంది. మలం నల్లగా, ముదురు ఆకుపచ్చగా వస్తుంది. అది మామూలే, దానికి భయపడి మాత్ర ఆపకూడదు. తారులాగా జిగటగా, దుర్వాసనతో వచ్చే నల్ల విరేచనం మాత్రం పొట్టలో రక్తస్రావానికి గుర్తు, అది వేరు. ఒక రోజు ఐరన్ మాత్ర వేసుకుంటే మరుసటి రోజు శరీరం ఐరన్‌ను తక్కువగా పీల్చుకుంటుంది. అందుకే కొందరికి డాక్టర్లు రోజు విడిచి రోజు ఇస్తున్నారు. నాకూ అలాగే మార్చారు, మలబద్ధకం తగ్గింది, రక్తమూ పెరిగింది. గర్భిణులు మాత్రం సొంతంగా ఈ మార్పు చేసుకోకూడదు, అడిగే చేయాలి. కాల్షియం మాత్రలు, అల్యూమినియం ఉన్న గ్యాస్ మందులు, ట్రమడాల్ లాంటి నొప్పి మందులు, కోడైన్ ఉన్న దగ్గు సిరప్‌లు, వెరాపమిల్ లాంటి కొన్ని బీపీ మాత్రలు కూడా మలాన్ని గట్టిపరుస్తాయి. థైరాయిడ్ తక్కువగా ఉన్నా అంతే. మలబద్ధకం కొత్తగా మొదలైందంటే తిండికంటే ముందు మందుల చీటీ చూసుకోవాలి.

ఫిషర్ మానకపోవడానికి కారణం దాని తిరుగుడే. గట్టి మలం చర్మాన్ని చీలుస్తుంది. చీలిక నొప్పికి లోపలి కండరం బిగుసుకుంటుంది. బిగుసుకున్న కండరం ఆ చోటికి వెళ్ళే రక్తాన్ని తగ్గిస్తుంది, రక్తం అందని పుండు మానదు. నొప్పి భయంతో మనిషి దొడ్డికి వెళ్ళడం వాయిదా వేస్తాడు. ఆగిన మలంలోని నీటిని పెద్దపేగు పీల్చుకుంటూనే ఉంటుంది, మర్నాటికి అది ఇంకా గట్టిపడి అదే చోట మళ్ళీ చీలుస్తుంది. వైద్యమంతా ఈ తిరుగుడును రెండు చోట్ల తెంచడమే: మలాన్ని మెత్తగా ఉంచడం, కండరాన్ని వదులు చేయడం. ఒకటి చేసి రెండోది వదిలేస్తే మానదు.

మలం మెత్తబడిందో లేదో చెప్పడానికి బ్రిస్టల్ చార్టు అనే ఏడు రకాల పట్టిక ఉంది. ఇంగ్లండులోని బ్రిస్టల్ నగరంలో తయారైంది, 1997లో ప్రచురించారు. మొదటి రకం మేక పెంటికల్లా విడివిడి ఉండలు. రెండోది ఉండలన్నీ కలిసి గట్టి ముద్ద. మూడోది అరటిపండులా ఉండి పైన పగుళ్ళుంటాయి, నాలుగోది నునుపుగా, మెత్తగా ఉంటుంది. ఆరోది జావలాంటి ముద్ద, ఏడోది నీళ్ళ విరేచనం. ఫిషర్ మానాలంటే నాలుగో రకం రావాలి. రోజుకు ఎన్నిసార్లు అన్నదానికంటే ఈ మెత్తదనమే ముఖ్యం. రోజుకు మూడుసార్ల నుంచి వారానికి మూడుసార్ల దాకా ఎంతైనా మామూలే. ఒకరోజు రాలేదని విరేచనాల మాత్ర వేసుకోవాల్సిన పని లేదు.

మందుల్లో నాకు రాసింది లాక్టులోజ్ సిరప్, రాత్రి పడుకునే ముందు 15 మి.లీ. ఇది పేగులో నీటిని పట్టి ఉంచుతుంది. వేసిన రాత్రికే పనిచేయదు, ఒకటి రెండు రోజులు పడుతుంది. "మందు పనిచేయలేదు" అని రెండో రోజే ఆపేసేవాళ్ళు ఈ సంగతి తెలుసుకోవాలి. మొదటి వారం పొట్ట ఉబ్బి గ్యాస్ వస్తుంది, తర్వాత తగ్గుతుంది. మలం నీళ్ళలా అయితే మోతాదు తగ్గించాలి, ఎందుకంటే పదేపదే వచ్చే నీళ్ళ విరేచనం కూడా చీలికను మండించి మాననివ్వదు.

ఇసబ్‌గోల్ పొట్టు నొప్పి తగ్గాక కూడా కొనసాగించాల్సిన వస్తువు. రెండు టీస్పూన్లు, అంటే దాదాపు 5 గ్రాములు, ఒక పెద్ద గ్లాసు నీళ్ళలో, 240 మి.లీ.కి తక్కువ కాకుండా కలిపి వెంటనే తాగాలి. ఆలస్యం చేస్తే జిగురుగా గట్టిపడి గొంతు దిగదు. తాగాక ఇంకో గ్లాసు నీళ్ళు. పొడిగా నోట్లో వేసుకుని గుక్కెడు నీళ్ళతో మింగడం ప్రమాదం, గొంతులో ఉబ్బి ఊపిరాడకుండా చేస్తుంది. మింగడంలో ఇబ్బంది ఉన్న ముసలివాళ్ళకు, పక్షవాతం వచ్చినవాళ్ళకు ఇవ్వకూడదు. తాగిన వెంటనే పడుకోకూడదు. వేరే మాత్రలకూ దీనికీ రెండు గంటల ఎడం ఉండాలి, లేకపోతే ఆ మందులు ఈ జిగురులో చిక్కుకుని తక్కువగా ఒంటబడతాయి. ఫలితం కనిపించడానికి రెండు మూడు రోజులు పడుతుంది.

ఇక కండరం వదులు కావడానికి గోరువెచ్చని నీళ్ళలో కూర్చోవడం. తుంటి పట్టేంత వెడల్పున్న ప్లాస్టిక్ టబ్బు తీసుకుని నాలుగైదు అంగుళాల లోతు నీళ్ళు పోయాలి. మోచేయి ముంచితే హాయిగా ఉండాలి, చురుక్కుమంటే వేడి ఎక్కువైనట్టు. పది నుంచి పదిహేను నిమిషాలు, దొడ్డికి వెళ్ళొచ్చిన వెంటనే ఒకసారి, రాత్రి పడుకోబోయే ముందు ఇంకోసారి. నీళ్ళలో ఏమీ కలపక్కర్లేదు. యాంటీసెప్టిక్ లోషన్ పోస్తే చర్మం ఎండి మంట పెరుగుతుంది. ఉప్పు, పటిక, పొటాషియం పర్మాంగనేట్ కూడా అక్కర్లేదు. పనిచేసేది వెచ్చదనం ఒక్కటే. లేచాక మెత్తటి నూలుగుడ్డతో అద్దాలి, రుద్దకూడదు. సబ్బు ఆ చోట వాడకూడదు.

తర్వాత కండరాన్ని వదులు చేసే ఆయింట్‌మెంట్. ఎక్కువగా రాసేది 2 శాతం డిల్టియాజెమ్. శనగగింజంత తీసుకుని, వేలికి తొడుగు వేసుకుని, మలద్వారం అంచు చుట్టూ రాసి, వేలి మొదటి గీత దాటకుండా కొద్దిగా లోపలికి. రోజుకు రెండుసార్లు, డాక్టరు చెబితే మూడుసార్లు. దీన్ని ఆరు నుంచి ఎనిమిది వారాలు వాడాలి. నొప్పి రెండు మూడు వారాల్లోనే పోతుంది, జనం అక్కడే ఆపేస్తారు. అప్పటికి చీలిక మీద పలచటి పొరే వచ్చి ఉంటుంది, ఒక్క గట్టి విరేచనానికి మళ్ళీ తెరుచుకుంటుంది. నైట్రోగ్లిసరిన్ ఆయింట్‌మెంట్ కూడా ఇదే పని చేస్తుంది, కానీ చాలామందికి తలనొప్పి తెస్తుంది. సిల్డెనాఫిల్ (వయాగ్రా) లాంటి మాత్రలు వాడే మగవాళ్ళు దాన్ని వాడకూడదు, బీపీ ప్రమాదకరంగా పడిపోతుంది. మందుల షాపులో అడిగితే ఇచ్చే స్టిరాయిడ్ కలిసిన క్రీములను వారం మించి రాయకూడదు, చర్మం పలచబడుతుంది. మరీ నొప్పి ఉన్న మొదటి రోజుల్లో దొడ్డికి వెళ్ళే ముందు తిమ్మిరెక్కించే లిగ్నోకైన్ జెల్లీ రాసుకుంటే భయం తగ్గుతుంది, ఆ భయం తగ్గడమే వైద్యంలో సగం.

ఇవన్నీ మందుల సంగతి. నన్ను అడిగితే మానిన ఫిషర్ మళ్ళీ రాకుండా కాపాడేది వేళ.

నిద్ర లేవగానే పెద్దపేగు కదలడం మొదలుపెడుతుంది. ఏదైనా తిన్న పదిహేను నుంచి ముప్పై నిమిషాల్లో ఆ కదలిక ఇంకా పెరుగుతుంది. పొద్దుటి మొదటి తిండి తర్వాత అది అన్నిటికంటే బలంగా ఉంటుంది. అప్పుడు వచ్చే తాకిడికి వెళ్తే ముక్కాల్సిన పని ఉండదు. ఆ తాకిడిని ఆపుకుంటే కొన్ని నిమిషాల్లో అది పోతుంది, మలం వెనక్కి జరిగి అక్కడే ఎండుతుంది. రోజూ ఇలాగే ఆపుకుంటూ పోతే కొన్నాళ్ళకు తాకిడి తెలియడమే తగ్గిపోతుంది. ఆర్టీసీ కాంప్లెక్సులో పొద్దుటే టెక్కలి, పలాస బస్సులెక్కే టీచర్లను చూడండి. తిన్న వెంటనే పరుగు, ఆ అరగంట బస్సులో పోతుంది, స్కూల్లో టాయిలెట్టుకు తలుపుంటే నీళ్ళుండవు. పొలం పనికి, ఉపాధి పనికి వెళ్ళే ఆడవాళ్ళది ఇంకా కష్టం. దారిలో వెళ్ళాల్సి వస్తుందని రాత్రి తిండి తగ్గిస్తారు, పగలు నీళ్ళు తాగరు. వాళ్ళ పేగు తప్పేమీ లేదు, వెళ్ళడానికి చోటు లేకపోవడమే వాళ్ళ జబ్బు. పనిచేసే ప్రతి చోటా నీళ్ళున్న టాయిలెట్టు ఒక మందుతో సమానమని నేను ఎక్కడైనా గట్టిగా చెబుతాను.

చేతిలో ఉన్నది ఏమిటంటే, పొద్దున్న లేచే వేళను ముప్పావుగంట ముందుకు జరపడం. లేచాక ఒక గ్లాసు గోరువెచ్చని నీళ్ళు. ఆ తర్వాత ఏదో ఒకటి తినాలి, ఉత్త టీ చాలదు. అంబలైనా, రెండు ఇడ్లీలైనా, చద్దన్నమైనా సరే. ఇంట్లో పనులు చేసుకుంటూ ఒక ఇరవై నిమిషాలు తిరిగాక, తాకిడి వచ్చినా రాకపోయినా వెళ్ళి కూర్చోవాలి. ఐదు నిమిషాలు చూసి, రాకపోతే లేచిపోవాలి. ముక్కకూడదు. మర్నాడు మళ్ళీ అదే వేళకు. పేగుకు ఈ అలవాటు పట్టడానికి కొన్ని వారాలు పడుతుంది. ఫోను లోపలికి తీసుకెళ్ళకూడదు. ఎక్కువసేపు కూర్చుంటే ఆసనం దగ్గరి నాళాల్లో రక్తం నిలిచి నిజంగానే మొలలు వస్తాయి. నైట్ డ్యూటీ చేసేవాళ్ళకు ఈ వేళ చెదురుతుంది. ఆ రోజుల్లో నిద్ర లేచిన తర్వాత తినే మొదటి తిండినే పొద్దుటి తిండిగా లెక్కపెట్టుకోవాలి.

కూర్చునే తీరు కూడా లెక్కే. మలాశయానికీ మలద్వారానికీ మధ్య ఒక కండరం ఆ దారిని వంచి పట్టుకుని ఉంటుంది. గొంతుకు కూర్చున్నప్పుడు అది వదులై దారి తిన్నగా అవుతుంది. మన పాత పద్ధతి దొడ్డిలో ఇది దానంతటదే జరుగుతుంది. మోకాళ్ళ నొప్పులకని ఇప్పుడు ఇళ్ళన్నిటా కమోడ్లు పెట్టారు, వాటి మీద కుర్చీలో లాగా కూర్చుంటే ఆ వంపు పూర్తిగా పోదు. కాళ్ళ కింద ఏడెనిమిది అంగుళాల పీట వేసుకోవాలి. మోకాళ్ళు తుంటికంటే ఎత్తులో ఉండాలి. ముందుకు వంగి మోచేతులు తొడల మీద ఆనించి, పొట్టను వదులుగా ముందుకు వదిలి, నోటితో నెమ్మదిగా గాలి వదలాలి. ఊపిరి బిగబట్టి ముక్కితే మలద్వారం కండరం కూడా దాంతోపాటే బిగుసుకుంటుంది.

తిండి దగ్గరికి వస్తే, మన వైపు అందరూ ఒకటే అడుగుతారు, అంబలి తాగితే సరిపోదా అని. అంబలి మంచిదే, కానీ లెక్క చూడాలి. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2017 పట్టికల ప్రకారం 100 గ్రాముల చోళ్ళలో (రాగుల్లో) పీచు సుమారు 11 గ్రాములు, గంటెల్లోనూ (సజ్జల్లోనూ) దాదాపు అంతే, పాలిష్ పట్టిన బియ్యంలో 3 గ్రాముల లోపే. ఒక గ్లాసు అంబలికి పట్టే పిండి 30 గ్రాములు, అంటే పీచు 3 గ్రాముల పైన కొంచెం. పెద్దవాళ్ళకు రోజుకు కనీసం 25 గ్రాములు కావాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. మిగతాది వేరే చోట నుంచి రావాలి. మధ్యాహ్నం 100 గ్రాముల బియ్యం అన్నంతో 3, పప్పులో పడే 30 గ్రాముల కందిపప్పుతో 2.5, ఒక పెద్ద కట్ట తోటకూరతో 4, సాయంత్రం గుప్పెడు ఉడికించిన బొబ్బర్లతో 3, రాత్రి జల్లించని గోధుమపిండి రెండు రొట్టెలతో 6, బీరకాయో చిక్కుడో కూరతో 2 లేదా 3. ఇక్కడికి పాతిక దగ్గరికి వస్తుంది. ఒక మాదిరి జామపండు తింటే ఇంకో 8. ధరలో గానీ పీచులో గానీ జామకాయకు సాటి వచ్చే పండు రైతుబజార్‌లో ఇంకొకటి లేదు. మూడు పూటలూ అన్నమే తిని కూర చారెడు వేసుకునే ఇంట్లో పది పన్నెండు గ్రాములు కూడా దాటదు.

అంబలి చేసే తీరులోనూ పీచు పోతుంది. పిండి మెత్తగా రావాలని పలచటి జల్లెడ పట్టి పైపొట్టు పారేస్తే తినేది పిండి పదార్థమే. మర పట్టించిన పిండిని జల్లించకుండా వాడాలి. రాత్రి మూడు చెంచాల చోడిపిండిని గ్లాసు నీళ్ళలో ఉండలు లేకుండా కలిపి మూత పెట్టి ఉంచితే పొద్దుటికి కొద్దిగా పులుస్తుంది. పొద్దున్న రెండు గ్లాసుల నీళ్ళు మరిగించి, మంట తగ్గించి, ఒక చేత్తో కలుపుతూ ఆ పిండి నీళ్ళు సన్నని ధారగా పోయాలి. ఎనిమిది, పది నిమిషాలు అడుగంటకుండా కలిపితే పచ్చి వాసన పోయి నిగనిగలాడుతుంది. చల్లారాక మజ్జిగ, ఉప్పు, ఉల్లిపాయ ముక్కలు. బియ్యం నూకలు ఎక్కువేసి చిక్కబరిస్తే పీచు పలచబడుతుంది. పచ్చిమిరపకాయ నంజుకోవడం ఫిషర్ మానేదాకా ఆపాలి. మిరపలోని ఘాటు పూర్తిగా అరగకుండా కిందికి వచ్చి చీలిక మీద మండుతుంది. ఆవకాయ, ఎండుచేపల కారం కూడా ఆ రెండు నెలలు తగ్గించుకుంటే మంచిది.

పీచును ఒక్కసారిగా పెంచితే పొట్ట బిగుస్తుంది, గ్యాస్ పడుతుంది, "ఇది నాకు పడలేదు" అని వదిలేస్తారు. వారానికి ఒక వస్తువు చొప్పున పెంచాలి. ముందు ఆకుకూర, తర్వాతి వారం పండు, ఆ తర్వాత గింజలు. నీళ్ళు రోజుకు రెండు నుంచి రెండున్నర లీటర్లు. ఎండలో పనిచేసేవాళ్ళకు ఇంకా ఎక్కువ. ఉత్త నీళ్ళు బిందెలకొద్దీ తాగితే మలబద్ధకం పోతుందనేది సరైన మాట కాదు, ఎక్కువైన నీళ్ళు మూత్రంలో పోతాయి. నీటిని పేగులో పట్టి ఉంచే పీచు ఉండాలి. పీచు తిని నీళ్ళు తాగకపోతే మాత్రం మలం ఇంకా గట్టిపడుతుంది. రోజూ అరగంట నడక కూడా పేగును కదిలిస్తుంది, దాని గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు.

కవిటి, సోంపేట, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు, పలాస వైపు చదివేవాళ్ళు ఇక్కడ ఆగి చూడాలి. ఉద్దానంలో కిడ్నీ జబ్బు ఎంతమందికి ఉందో మనకు తెలిసిందే, చాలామందికి అది బయటపడే నాటికే ముదిరి ఉంటుంది. కిడ్నీలు దెబ్బతిన్నవాళ్ళు మెగ్నీషియం ఉన్న విరేచనాల మందులు, అంటే తెల్లగా పాలలా ఉండే మెగ్నీషియా సిరప్‌లు, వాడకూడదు. మెగ్నీషియం బయటికి పోలేక రక్తంలో పేరుకుంటుంది. ఫాస్ఫేట్ ఎనిమా కూడా ప్రమాదమే. ఫిషర్ నొప్పికని డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ లాంటివి షాపులో కొని మింగకూడదు. నీళ్ళు కొలిచి తాగమన్నవాళ్ళు ఇసబ్‌గోల్‌ను సొంతంగా మొదలుపెట్టకూడదు. కొబ్బరినీళ్ళు, అరటిపళ్ళు పొటాషియం పెంచుతాయి, కొబ్బరి తోటల మధ్య బతికేవాళ్ళకు ఈ మాట చెప్పడం కష్టంగా ఉంటుంది, అయినా చెప్పాలి. వీళ్ళకు లాక్టులోజ్ సాధారణంగా సరిపడుతుంది, కానీ మోతాదు కిడ్నీ డాక్టరే చెప్పాలి. ఉద్దానం వాళ్ళు మలబద్ధకానికి ఏ మందు మొదలుపెట్టే ముందైనా ఒకసారి కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ రక్తపరీక్ష చేయించుకోవడం మేలు.

ఆముదం, సునాముఖి, బిసాకొడిల్ మాత్రలు పేగును కొరడా పెట్టి తోలే మందులు. అప్పుడప్పుడు పనికొస్తాయి. బిసాకొడిల్ రాత్రి వేసుకుంటే ఆరు నుంచి పన్నెండు గంటల్లో పనిచేస్తుంది. పాలతో, గ్యాస్ మందుతో కలిపి వేసుకుంటే పైపూత కడుపులోనే కరిగి నొప్పి పుడుతుంది. అసలు చిక్కు ఏమిటంటే, ఇలాంటి మందుతో పేగు మొత్తం ఖాళీ అయ్యాక మళ్ళీ నిండడానికి రెండు మూడు రోజులు పడుతుంది. ఆ రెండు రోజులు దొడ్డికి రాకపోవడం సహజం. అది తెలియక మళ్ళీ కట్టేసిందనుకుని ఇంకో మాత్ర వేస్తారు. ఇలా ఏళ్ళ తరబడి మాత్ర లేనిదే వెళ్ళనివాళ్ళను ఎంతోమందిని చూశాను. మాత్ర మానేసిన మొదటి వారం ఓపిక పడితే, లాక్టులోజో ఇసబ్‌గోలో తోడుంటే, చాలామంది బయటపడతారు.

మంచం పట్టిన ముసలివాళ్ళకు ఒక వింత జరుగుతుంది. మలం లోపల రాయిలా గడ్డకట్టి, దాని పక్కనుంచి నీళ్ళలాంటి మలం కొద్దికొద్దిగా జారుతూ ఉంటుంది. ఇంట్లోవాళ్ళు విరేచనాలనుకుని ఆపే మాత్ర వేస్తారు, లోపలి గడ్డ ఇంకా బిగుస్తుంది. కొన్ని రోజులు దొడ్డికి వెళ్ళక, పొట్ట ఉబ్బి, ఆ తర్వాత నీళ్ళ విరేచనం మొదలైతే ముందు నర్సు చేతో డాక్టరు చేతో పరీక్ష చేయించాలి.

"ఒక్క ఇంజక్షన్‌తో మొలలు మాయం" అని రోడ్డు పక్క బోర్డులు పెట్టేవాళ్ళ దగ్గరికి వెళ్ళొచ్చినవాళ్ళు మా వార్డుకు వస్తారు. ఎక్కించిన మందుకో పూసిన మందుకో చర్మం కాలి, మానేటప్పుడు దారి ముడుచుకుపోయి, వేలు కూడా పట్టనంత సన్నబడి ఉంటుంది. ఆ దారిని మళ్ళీ వెడల్పు చేయడం చాలా కష్టమైన పని. మందులతో ఎనిమిది వారాలకూ మానని ఫిషర్‌కు సర్జన్లు చేసే ఆపరేషన్ చిన్నది, లోపలి కండరంలో కొంత భాగాన్ని కోసి వదులు చేస్తారు. ఎక్కువమందికి పూర్తిగా మానుతుంది. కొద్దిమందికి గ్యాస్ ఆపుకోవడం కష్టమవుతుంది. కాన్పుల్లో కింద చిరిగి కుట్లు పడిన ఆడవాళ్ళు ఆ సంగతి సర్జన్‌కు ముందే చెప్పాలి, వాళ్ళకు కండరాన్ని కోయకుండా వదులు చేసే బొటాక్స్ ఇంజక్షన్ లాంటి వేరే దారి చూస్తారు.

రక్తం పడితే ఎవరైనా ఒక్కసారి చూపించుకోవాలి. 45 దాటిన వయసులో దొడ్డికి వెళ్ళే తీరు కొత్తగా మారినా, బరువు తగ్గుతున్నా, రక్తం మలంలో కలిసిపోయి వస్తున్నా, ఇంట్లో ఎవరికైనా పేగు క్యాన్సర్ ఉన్నా కొలనోస్కోపీ (కెమెరా గొట్టంతో పెద్దపేగు లోపల చూసే పరీక్ష) గురించి అడగాలి. పొట్ట ఉబ్బి, వాంతులై, గ్యాస్ కూడా పోకపోతే అదే రోజు ఆసుపత్రికి వెళ్ళాలి. ఆసనం పక్కన వాపుతో జ్వరం వస్తే అది చీము గడ్డ, ఆయింట్‌మెంట్‌తో పోదు.

మానేటప్పుడు ముందు నొప్పి ఉండే సమయం తగ్గుతుంది. గంటల సలుపు నిమిషాల్లోకి వస్తుంది. తర్వాత రక్తం ఆగుతుంది. ఆపైన కొన్నాళ్ళు దురద ఉంటుంది, గోకకూడదు. మానిన తర్వాత మళ్ళీ చీలే సందర్భాలు నాకు బాగా తెలుసు: సంక్రాంతికి అరిసెలు, జంతికలు తిని నీళ్ళు తాగని వారం, విజయనగరం పైడితల్లి సిరిమాను జాతరకు పొద్దుటి నుంచి జనంలో నిలబడిన రోజు, కార్తీక సోమవారం ఉపవాసాలు, రాత్రి రైలు ప్రయాణాలు. ఆ రోజులకు ముందు రాత్రే ఇసబ్‌గోల్ వేసుకుంటాను, బ్యాగులో జామకాయలు, నీళ్ళ సీసా పెట్టుకుంటాను. ఉపవాసం విడిచేటప్పుడు ముందు పండు, తర్వాతే పులిహోర. మళ్ళీ మంట తెలిసిన రోజునే టబ్బు, లాక్టులోజ్, ఆయింట్‌మెంట్ మూడూ తిరిగి మొదలుపెట్టాలి. ట్యూబు మీద గడువు తేదీ చూసుకోవాలి. రెండు వారాల్లో నొప్పి తగ్గకపోతే పాత చీటీతో మందు కొనడం ఆపి సర్జన్‌కు మళ్ళీ చూపించుకోవాలి.